డిసెంబరు కబుర్లు: అక్రోట్లు, వెన్న, పొగమంచు

మంచు దిగింది. డిసెంబరు వస్తే శాక్రమెంటో లోయలో నేలను అంటిపెట్టుకుని లేచే ఈ పొగమంచును ఇక్కడివాళ్ళు టూలీ ఫాగ్ అంటారు. టూలీ అంటే ఇక్కడి చిత్తడి నేలల్లో పెరిగే తుంగ. పొద్దున పది దాకా ఎదురింటి చూరుకు కట్టిన రంగు దీపాలు కూడా ఆనవు. ఫోల్సమ్ పాత బజారులో ఐస్ స్కేటింగ్ మొదలైంది. శాక్రమెంటోలో ఫాబ్ ఫార్టీస్ వీధుల దీపాలు చూడ్డానికి సాయంత్రమైతే కార్లు బారులు తీరుతున్నాయి. ధనుర్మాసం కూడా వచ్చేసింది కదా, మా వీధిలో రెండు తెలుగిళ్ళ ముందు చాక్‌పీసు ముగ్గులు, వాటి పక్కింటి గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం. పిల్లలకు ఇంకో నాలుగు రోజుల్లో సెలవులు. మా ఇంట్లో మాత్రం ఇది అక్రోటు కుకీల నెల.

చిన్నప్పుడు అక్రోటు అంటే ఎవరైనా కాశ్మీరు వెళ్ళొస్తే తెచ్చే వస్తువు. పండగ పిండివంటల్లోకి మనకు జీడిపప్పు, కిస్మిస్ చాలు. ఇక్కడ అలా కాదు. అమెరికాలో పండే అక్రోట్లలో నూటికి 99 పాళ్ళు కాలిఫోర్నియావే. మా ఇంటి నుంచి వింటర్స్ ఊరి వైపు గంటసేపు వెళ్తే దారికి రెండు పక్కలా అవే తోటలు. మాను చూడగానే గుర్తుపట్టొచ్చు. నల్ల అక్రోటు జాతి వేరు మీద మంచి రకాన్ని అంటు కడతారు కాబట్టి కింద భాగం గరుకుగా నల్లగా, పైన నున్నగా బూడిద తెలుపులో ఉంటుంది. మధ్యలో ఎవరో కొలిచి గీత గీసినట్టుంటుంది. ఎక్కువగా కనపడేది చాండ్లర్ రకం. డేవిస్‌లోని విశ్వవిద్యాలయం వాళ్ళు 1979లో విడుదల చేశారు.

అక్టోబరులో ఒక తోటకు వెళ్ళాం. ఒక బండి వచ్చి మాను మొదలును గట్టిగా పట్టుకుని కొన్ని క్షణాలు ఊపింది. వడగళ్ళు పడ్డట్టు కాయలు రాలిపోయాయి. మా అమ్మాయి పచ్చి తొక్క ఉన్న కాయలు నాలుగు వలిచింది. వారం దాకా ఆ వేళ్ళ గోధుమ రంగు వదల్లేదు. గోరింటాకు పెట్టుకున్నావా అని బళ్ళో అడిగారట. ఆ మాటలో నిజముంది. గోరింటాకును పండించే లాసోన్, ఈ తొక్కలో ఉండే జుగ్లోన్ ఒకే అణుసూత్రం ఉన్న పదార్థాలు.

కుకీల రుచిలో సగం పైన ఈ కాయ వయసులోనే ఉందని నా గట్టి నమ్మకం. నిరుడు ఒక కొట్లో తగ్గింపు ధరకు పెట్టిన పప్పు తెచ్చి, నోట్లో వేసుకుని చూడకుండా పిండిలో కలిపేశాను. ఓవెన్ తలుపు తీయగానే కొత్తగా రంగులేసిన కిటికీల వాసన. నాలుగు డజన్లు చెత్తబుట్ట పాలయ్యాయి. అక్రోటు పప్పులో మూడింట రెండు వంతులు నూనె. గాలి, వేడి తగిలితే అది త్వరగా చెడుతుంది. ఒకప్పుడు యూరప్ చిత్రకారులు ఈ నూనెను రంగుల్లో కలిపింది కూడా గాలికి అది ఆరి గట్టిపడుతుందనే. అందుకే ఈసారి పెంకుతో ఉన్న కాయలే తెచ్చాను. రెండు కాయలు ఒకే గుప్పిట్లో పెట్టి నొక్కితే ఒకదాని అతుకు దగ్గర ఇంకోటి గుచ్చుకుని పటుక్కున విచ్చుకుంటుంది. లోపలి పొర లేత గోధుమ రంగులో, పప్పు తెల్లగా ఉంటే ఈ ఏటి పంట. వలిచి మిగిలింది ఫ్రీజర్లో పెడితే వచ్చే పంట దాకా ఢోకా లేదు.

పప్పును 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 8 నిమిషాలు వేయించి, బట్టలో వేసి నలిపితే చేదు పొర చాలావరకు రాలిపోతుంది. ఆ పొట్టు ఊదబోతుంటే మా అత్తయ్యగారు పళ్ళెం లాక్కుని చెరిగేశారు. ఆరు నెలలు ఉందామని గోదావరి జిల్లా నుంచి వచ్చారు ఆవిడ. రెండు కడ్డీల వెన్న, అర కప్పు పొడి చక్కెర, రెండుంపావు కప్పుల మైదా, ముప్పావు కప్పు అక్రోటు పలుకులు, చెంచాడు వెనిల్లా, కాస్త ఉప్పు.

"గుడ్డు వేశావా?"

"లేదండీ అత్తయ్యా. దీనికి అక్కర్లేదు."

"అయితే ఇది సున్నుండేనే అమ్మాయ్. మినుములు లేవంతే!"

ఉండ చుట్టడం ఆవిడకు ఒకరు చెప్పాలా? అయితే సున్నుండకు నెయ్యి కరిగి వేడిగా ఉండాలి, దీనికి వెన్న కరక్కూడదు. రెండు ఉండలకే సంగతి కనిపెట్టి, చేతులు చన్నీళ్ళలో ముంచి తుడుచుకుంటూ 48 ఉండలు ఒకే సైజులో దించారు. 400 డిగ్రీల్లో 10 నుంచి 12 నిమిషాలు. వేడి మీద ఒకసారి, చల్లారాక ఇంకోసారి పొడి చక్కెరలో పొర్లించాలి. మొదటి పూత కరిగి అంటుకుంటుంది, రెండోది తెల్లగా నిలుస్తుంది. మన నాన్‌ఖటాయీకి దగ్గర చుట్టం ఇది. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు.

దీనికి పేర్లు చాలా. మెక్సికో పెళ్ళి కుకీలంటారు, స్నోబాల్స్ అంటారు, రష్యన్ టీ కేకులనీ అంటారు. పక్కింటి మెక్సికో ఆవిడ ఇందులో పెకాన్ పప్పు వేస్తుంది. మూలమీది ఇంట్లో ఉండే యుక్రేనియన్ కుటుంబం ఆ రష్యన్ పేరు అమెరికా వచ్చాకే విన్నారట. వాళ్ళింటి అక్రోటు కుకీ వేరు, పేరు హొరిష్కి, అంటే చిట్టి అక్రోట్లు. మన గుంట పొంగనాల పెనాలు రెండు ఎదురెదురుగా మూసినట్టుండే ఇనుప అచ్చులో అక్రోటు చిప్పల ఆకారంలో కాలుస్తారు. ఎర్రగా కాగిన చిక్కటి తీపి పాలు నింపి, ఒక పప్పు పలుకు పెట్టి, రెండు చిప్పలూ అతికిస్తారు. ఆ అచ్చు చూసి అత్తయ్యగారు మా ఊళ్ళో గులాబీ పువ్వుల అచ్చు గుర్తొస్తోందన్నారు. యుక్రేన్‌లో 2023 నుంచి క్రిస్మస్ సెలవు జనవరి 7 నుంచి డిసెంబరు 25కు మారింది కాబట్టి, వాళ్ళ హొరిష్కి ఇప్పుడు మా కుకీలతో పాటే తయారవుతున్నాయి. నన్నడిగితే ఈ వీధి మొత్తానికీ వాళ్ళదే పెద్దపీట.

శనివారం కుకీల మార్పిడి. ఎనిమిది ఇళ్ళు, ఇంటికి అర డజను చొప్పున. వాటిలో ఒక ఇంటి బాబుకు అక్రోటు పడదు. ఒక్క పలుకు తగిలినా గొంతు వాస్తుంది. వాళ్ళమ్మ నెల ముందే వచ్చి మొహమాటపడుతూ చెప్పి వెళ్ళింది. ఆ ఇంటి డబ్బా కోసం శుక్రవారం పొద్దున్నే, గట్లూ గిన్నెలూ కడిగి, కొత్త మైదా పొట్లం విప్పి, పప్పు లేకుండా విడిగా చేస్తాం. అక్రోట్ల డబ్బా ఆ తర్వాతే బయటికి వస్తుంది.

కొట్లో కొనే పొట్లం మీద ఈ పప్పు పేరు తప్పనిసరిగా వేయాలని ఇక్కడ 2006 నుంచి చట్టం అమల్లో ఉంది. చేత్తో కట్టి పంచుకునే డబ్బాకు అచ్చు వేసేవాళ్ళు ఉండరు. మీరు ఎక్కడున్నా, ఎవరికి పంపుతున్నా, మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి: ఇందులో అక్రోటు ఉంది.