దరఖాస్తులో ఒక గడి

మే నెలలో ఉర్లా తెల్లవారకముందే మేలుకొంటుంది. రాయ్‌పూర్ నగరానికి ఉత్తర దిశగా, బిలాస్‌పూర్ రహదారికి చేరువలో ఉన్న ఈ పారిశ్రామికవాడలో రాత్రి పాళీ ముగించినవారు సైకిళ్ళ మీదా, మోటారు సైకిళ్ళ మీదా ఇళ్ళకు మళ్ళుతూంటే, ఉదయం పాళీవారు టిఫిను డబ్బాలతో వారికి ఎదురవుతారు. స్పాంజి ఇనుము తయారుచేసే కర్మాగారాలు, ఎర్రగా కాలిన ఉక్కును కడ్డీలుగా సాగదీసే రోలింగు మిల్లులు, బొగ్గు దింపుకొని దుమ్ము రేపుతూ తిరిగిపోయే లారీలు ఇక్కడి నిత్యదృశ్యాలు. రాత్రి డాబా మీద ఆరవేసిన బట్టలపై తెల్లవారేసరికి సన్నని నల్లటి నుసి పేరుకొని ఉంటుంది. గృహిణులు దానిని దులిపి, బట్టలు మడతపెట్టి, మరో పనిలో పడతారు.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు మే నెలలో మరో విశేషం కూడా ఉన్నది. అది పదవ తరగతి ఫలితాలు వెలువడే కాలం. ఇంట్లో ఒక పిల్లకో, పిల్లవాడికో పదహారేళ్ళు నిండుతున్నాయంటే, ఆ వేసవిలో ఆ ఇంటివారికి నిద్ర తక్కువ.

తెలుగువారు ఇంత దూరం ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు సమాధానం రైలు పట్టాలలో ఉన్నది. విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే 1931లో పూర్తిచేసింది. మధ్య పరగణాల సరుకును సముద్రానికి చేర్చడం దాని ఉద్దేశం. రెండేళ్ళ తరువాత, 1933లో, విశాఖపట్నం రేవు ప్రారంభమయింది. సరుకు సముద్రం వైపు దిగివస్తూంటే, మనుషులు కొండలు దాటి ఎదురెక్కారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు మొదట రైల్వే పనులలో చేరారు. సోవియట్ సహాయంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి కొలిమి వెలిగిన తరువాత మరింతమంది వచ్చారు. ఆ పైన ఉర్లా, సిల్తరాల మిల్లులు వచ్చాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమయ్యేసరికి, మధ్యప్రదేశ్‌కు వలస వచ్చినవారు ఇల్లు కదలకుండానే మరో రాష్ట్రపు పౌరులయ్యారు.

వీరి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు చాలామందికి రావు. నాయనమ్మ ఊరికి వెళ్ళినప్పుడు బస్సు మీద రాసిన ఊరి పేరు చదవలేక పక్కవారిని అడుగుతారు. ఇంతవరకూ అది నవ్వుకోదగిన విషయమే. కళాశాల ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోతుంది.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. తండ్రి రోలింగు మిల్లులో ఫిట్టరు. కూతురు పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. విజయవాడ నుంచి మేనమామ ఫోను చేసి, అక్కడి రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ ఎం.పి.సి.లో చేర్చమంటాడు. మిల్లులోని సూపర్‌వైజరు తన కొడుకును పంపిన రాజస్థాన్‌లోని కోటా పేరు చెబుతాడు. పొరుగింటివారు భిలాయిలోని శిక్షణ కేంద్రాలేమి తక్కువని అడుగుతారు. బల్ల మీద మూడు ఊళ్ళ రంగురంగుల కరపత్రాలు చేరుతాయి. వాటన్నిటిలోనూ ర్యాంకులు ఉంటాయి, పిల్లల ఫొటోలు ఉంటాయి. ఈ కుటుంబానికి నిజంగా అవసరమైన ఒక్క సమాచారం మాత్రం వాటిలో కనిపించదు.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో, అంటే ఎన్.ఐ.టి.లలో, సగం సీట్లు ఆ సంస్థ ఉన్న రాష్ట్రపు విద్యార్థులకు కేటాయిస్తారు. విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినట్టు? పుట్టిన ఊరు చూడరు, తండ్రి స్వగ్రామం చూడరు, రేషను కార్డు చూడరు. పన్నెండవ తరగతి పరీక్ష ఏ రాష్ట్రంలో రాశారన్నదే లెక్క. జె.ఇ.ఇ. దరఖాస్తులో దీనికొక గడి ఉంటుంది. ఆ గడిలో వేయవలసిన అక్షరాలు దరఖాస్తు నింపేనాటికి కాదు, దానికి రెండేళ్ళ ముందు, ఇటువంటి మే నెలలోనే నిర్ణయమైపోతాయి.

ఉర్లాలో పెరిగిన ఈ అమ్మాయి ఇంటర్మీడియట్ విజయవాడలో చదివితే, ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న రాయ్‌పూర్ ఎన్.ఐ.టి.లో ఆమె పరరాష్ట్ర విద్యార్థిని అవుతుంది. అదే సమయంలో, 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.టి.కి స్వరాష్ట్ర విద్యార్థిని అవుతుంది. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకరికి ఇంటి పక్కనే సీటు దొరికి, మరొకరికి దొరకకపోవచ్చు.

పోనీ, ఆంధ్రలో రెండేళ్ళు చదివినందుకు అక్కడి ఇంజనీరింగు కళాశాలలన్నీ ఆమెను తమ పిల్లగా చూస్తాయా? అదీ లేదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్ర కళాశాలల్లో 85 శాతం సీట్లను స్థానికులకు ప్రత్యేకించింది. స్థానికులనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. రెండేళ్ళ ఇంటర్మీడియట్ అందుకు చాలదు. మిగిలిన 15 శాతానికి పోటీ పడాలన్నా, తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో పదేళ్ళు నివసించి ఉండడం వంటి షరతులున్నాయి. ఒక లెక్క ప్రకారం ఆంధ్రకు చెందిన పిల్ల మరో లెక్క ప్రకారం పరాయిది. తాత పొలం ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నదని చెప్పినా, గుమాస్తా ఫైలులో పొలానికి గడి లేదు.

రిజర్వేషన్ల విషయంలో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వెళ్ళినదీ ఒక తెలుగు కుటుంబమే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్ళ వయసులో బొంబాయి చేరిన ఒక విద్యార్థి, స్వరాష్ట్రంలో తన వర్గం షెడ్యూల్డు తెగ కనుక బొంబాయి వైద్య కళాశాలలోనూ అదే హోదా కావాలన్నాడు. ఒక రాష్ట్రానికి సంబంధించి ప్రకటించిన షెడ్యూల్డు హోదా, మనిషితోపాటు మరో రాష్ట్రానికి వలస రాదని న్యాయస్థానం 1990లో తీర్పు చెప్పింది. ట్రంకుపెట్టె రైలెక్కుతుంది గాని ధ్రువపత్రం ఎక్కదని ఆనాటినుంచి వలస కుటుంబాలకు తెలిసివచ్చింది.

ఇటువంటి చిక్కు ఉర్లాకో, తెలుగువారికో పరిమితమైనది కాదు. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి భాగంలో తూర్పు ఐరోపా నుంచి న్యూయార్కు చేరిన యూదు కుటుంబాలు బట్టల కుట్టుపని చేసుకుంటూ పిల్లల చదువు మీదే ఆశలన్నీ పెట్టుకొన్నాయి. పేరుపొందిన విశ్వవిద్యాలయాల తలుపులు వారికి సులభంగా తెరుచుకోలేదు. హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ 1922లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉండాలని ప్రతిపాదించాడు. ప్రతిపాదన నెగ్గకపోయినా, దేశంలోని వివిధ ప్రాంతాలకు ప్రాతినిధ్యమనే పేరుతో దాదాపు అదే ఫలితం సాధించారు. అప్పుడు ఆ తల్లిదండ్రులు చూసినది ఇంటి దగ్గరి సిటీ కాలేజీని. 1847లో స్థాపించిన ఆ కళాశాలలో 1976 వరకు ట్యూషను ఫీజు లేదు. పిల్లలు ఇంట్లో తిని, రైల్లో వెళ్ళి చదువుకొనేవారు.

అలా చదువుకొన్నవారిలో జోనస్ సాక్ ఒకడు. అతని తండ్రి బట్టల తయారీలో పనిచేసేవాడు. కుర్రవాడు న్యాయవాది కావాలనుకొన్నాడు. అతను మంచి న్యాయవాది కాగలడని తల్లికి నమ్మకం కలగలేదు. ఆ మాట దాచుకోకుండా కొడుకుతో చెప్పింది. సాక్ సైన్సువైపు మళ్ళి 1934లో సిటీ కాలేజీ పట్టం పుచ్చుకొన్నాడు. తరువాత వైద్యం చదివాడు. 1955లో అతని పోలియో టీకా ప్రపంచానికి అందింది. కళాశాల పేరుకన్నా ముందు, పిల్లవాడు దేనికి పనికివస్తాడో ఆ ఇంట్లో మాట్లాడుకొన్నారు.

ఉర్లా నుంచి బయలుదేరి ఒకసారి చుట్టూ చూస్తే, ఇక్కడి తల్లిదండ్రులకు కూడా దగ్గరిలోనే ఎంత ఉన్నదో తెలుస్తుంది. దక్షిణంగా భన్‌పురి చేరితే, అక్కడి పారిశ్రామిక ప్రాంతంలో ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే కేంద్రప్రభుత్వ సంస్థ సీపెట్ ఉన్నది. రింగు రోడ్డు పట్టుకొని టాటీబంద్ కూడలికి వెళితే, 2012లో మొదలైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కనిపిస్తుంది. ఎయిమ్స్ అని అందరూ పిలిచే ఆ సంస్థలో రాష్ట్రాల వాటా లేదు. నీట్ ర్యాంకు వచ్చినవారు ఎక్కడివారైనా ఒకటే. అక్కడినుంచి గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద నగరంలోకి వస్తూంటే, 1964 నాటి రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, దానికి చేరువలోనే ఎన్.ఐ.టి. వస్తాయి. నగరం నడిబొడ్డున 1938లో మొదలై యోగానందం పేరు ధరించిన ఛత్తీస్‌గఢ్ కళాశాల ఉన్నది. మరోదిక్కున దుర్గ్ జిల్లాలో, 2016లో స్థాపించిన భిలాయి ఐ.ఐ.టి. ఉన్నది.

వీటిలో ఎన్.ఐ.టి. కథ ఉర్లా మిల్లుల కథకు దగ్గరి చుట్టం. అది 1956లో గనుల తవ్వకం, లోహశాస్త్రం నేర్పే ప్రభుత్వ కళాశాలగా పుట్టింది. బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేయగా, 1963లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. 2005లో ఎన్.ఐ.టి. అయింది. ఇనుపరాయిని ద్రవంగా కరిగించకుండానే, తిరిగే గొట్టపు కొలిమిలో బొగ్గుతో కలిపి కాల్చి, అందులోని ప్రాణవాయువును తొలగిస్తే స్పాంజి ఇనుము వస్తుంది. ఉర్లాలో తండ్రులు చేతులతో చేసే పనికి అక్కడ సిద్ధాంతం చెబుతారు.

ఖర్చు సంగతి కూడా వినదగినది. 2016 నుంచి ఎన్.ఐ.టి.లలో ట్యూషను ఫీజు ఏడాదికి 1,25,000 రూపాయలు. ఆ అంకె విని మిల్లు కార్మికుడు గుండె పట్టుకొంటాడు. అయితే కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే ఆ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల వరకు మూడింట రెండు వంతులు మాఫీ. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు అసలే లేదు. ఆడపిల్లల కోసం 2018 నుంచి అదనపు సీట్లు కూడా ఏర్పడ్డాయి. రంగురంగుల కరపత్రాలు తిరగవేసే తండ్రికి ఈ మాటలు చెప్పేవారు అరుదు.

అందరూ ఉన్న ఊళ్ళోనే చదవాలని దీని అర్థం కాదు. ఊరు విడిచి వెళ్ళడంలోనూ చదువున్నది. ఆ సంగతి వలస వచ్చిన తాతకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. విజయవాడ హాస్టలుకు వెళ్ళి తెలుగు చదవడం నేర్చుకొని వచ్చే పిల్లలూ ఉంటారు. తన తెలుగు విని తోటివారు నవ్వారని మాటలు తగ్గించుకొనే పిల్లలూ ఉంటారు. కోటాలోని ఒంటరి గదులు కొందరు పిల్లల ప్రాణాలు తీసిన వార్తలు ఉర్లాకూ చేరాయి. వెళ్ళేటప్పుడు ఏమి పొందుతున్నారో, ఏమి వదులుకొంటున్నారో తెలిసి వెళ్ళడం ముఖ్యం. తెలియక వదులుకొన్నది రెండేళ్ళ తరువాత ఏ కార్యాలయం చుట్టూ తిరిగినా తిరిగి రాదు.

మళ్ళీ ఆ ఫిట్టరు ఇంటికి వస్తే, సాయంత్రం పాళీ సైరను మోగింది. కరపత్రాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. మేనమామ మరోసారి ఫోను చేస్తే, తల్లి రొట్టెలు కాలుస్తూ భర్తతో అన్నది: "అన్నయ్యకు రేపు చెబుదాం గాని, ముందు దాన్ని అడగండి." అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికీ తోచని ఆలోచన అది.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత, నాన్న పనిచేసే మిల్లులో కడ్డీ ఒక్కొక్కసారి మధ్యలో పగులుతుంది కదా, అది ఎందుకు పగులుతుందో చదవాలని ఉన్నదన్నది. ఇరవై ఏళ్ళుగా పగిలిన కడ్డీలను పక్కకు లాగి పడేస్తున్న తండ్రి, ఆ మాటకు వెంటనే ఏమీ అనలేకపోయాడు. లేచి, కరపత్రాలను వరుసగా సర్ది పక్కన పెట్టాడు. మర్నాడు సెలవు పెట్టి, కూతురిని వెంటబెట్టుకొని ఇంటి దగ్గరి హయ్యర్ సెకండరీ బడికి పదకొండవ తరగతి దరఖాస్తు కోసం బయలుదేరాడు.

డాబా మీద ఆరిన బట్టలపై ఆ ఉదయం కూడా నల్లని నుసి ఉన్నది. తల్లి కూతురి యూనిఫారాన్ని రెండుసార్లు దులిపింది.