సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

"అన్నా, కారు తీసుకున్నావా?" అని ఈ వారం ముగ్గురు అడిగారు. అందరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మాది ఎ.కొండూరు మండలంలో ఒక తండా. మా తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. మా యాడికీ అదే. వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలసిస్. నేను ఉద్యోగానికి రోజూ అక్కడికే వస్తా కాబట్టి ఆ రెండు రోజులూ ఆమెను వెంట తీసుకొస్తా. అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఒకరోజు తిరుగు బస్సులో సీటు దొరక్క మెట్ల దగ్గర కూలబడింది. కారు కొనాలని ఆ రోజే అనుకున్నా.

చిన్న కారు చాలనుకున్నా గానీ, యాడి అంత కిందికి వంగి కూర్చోలేదు. మా తండా రోడ్డు చూస్తే రాళ్లు తేలి ఉంటుంది. బ్రెజా అయితే నేలకీ బండికీ మధ్య 198 మిల్లీమీటర్ల ఎత్తుంది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ ఆపేసింది కదా అని భయపడ్డా. కానీ అదే 1.3 ఇంజిన్ పాత స్విఫ్టుల్లో, డిజైర్లలో కూడా ఉంది, ఆటోనగర్‌లో సామాన్లకు లోటుండదు అన్నారు.

సింగ్‌నగర్ వైపు ఒక బండి దొరికింది. 2018 డీజిల్, ఒక్కరే ఓనరు, 5 లక్షల 10 వేలు. అలాంటివి మిగతా చోట్ల 6 లక్షల పైనే చెప్తున్నారు. నా దగ్గరున్నది రెండున్నర, మిగతాది లోను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఆ ఏరియానంతా ముంచేసింది కదా, అందుకే ముందే అడిగా. "వరదప్పుడు బండి గుడివాడలో మా అత్తగారింట్లో ఉంది తమ్ముడూ" అన్నాడు ఓనరు. బండి తళతళలాడుతోంది, లోపల సెంటు వాసన. అడ్వాన్సు పదివేలు జేబులోనే ఉన్నాయి.

హాస్టల్లో నా సీనియర్ ఒకన్న ఆటోనగర్‌లో మెకానిక్. అదృష్టం కొద్దీ ఆ రోజు వెంట వచ్చాడు. బానెట్ ఎత్తుతాడనుకుంటే నేరుగా వెనక సీట్లో కూర్చుని బెల్టు చివరిదాకా లాగాడు. ఆఖరి జానెడులో టీ మరకలా ఎండిన బురద గీత! ముందు బెల్టులు రెండూ కొత్తవి, వెనకవి మార్చడం మర్చిపోయారు. తర్వాత సీటు కింద బోల్టులు, స్టెప్నీ గుంట చూపించాడు. అంతా తుప్పు.

ఓనరు కాసేపు మాట్లాడలేదు. "కార్పెట్ వరకే వచ్చాయి నీళ్లు, 4 లక్షల 30కి తీసుకో" అన్నాడు. బెల్టు మీద బురద పెట్టుకుని కార్పెట్ వరకేనట. ఆయన ఇల్లు కూడా మునిగి ఉంటుంది, పూర్తిగా కోపం రాలేదు నాకు. నిజం చెప్పాలంటే 80 వేలు తగ్గేసరికి మనసు ఊగింది కూడా.

అన్న పక్కకు తీసుకెళ్లి చెప్పాడు. వైరింగ్ కనెక్టర్లలోకి వెళ్లిన నీళ్లు ఆరినా లోపల పచ్చగా చిలుం పడుతూనే ఉంటుందట. ఈరోజు బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు ఎయిర్‌బ్యాగ్ లైటు, ఆ తర్వాత స్టీరింగ్, ఏదో ఒక రోజు మొత్తం ఆగిపోవడం. "నువ్వొక్కడివే తిరిగేదానికైతే ఇంకా బేరమాడమనేవాణ్ణి. డయాలసిస్ చేయించుకున్న అమ్మతో రాత్రి మైలవరం దాటాక ఆగితే ఏం చేస్తావురా?"

వచ్చేశాం.

మీరెవరైనా చూస్తుంటే ఇంకో రెండు మాటలు. ఓనరును వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత బిల్లులు అడగండి. 2024 సెప్టెంబర్ తర్వాత పెద్ద బిల్లు గానీ ఇన్సూరెన్సు క్లెయిము గానీ ఉంటే ఎందుకో కనుక్కోండి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

యాడికి చెప్తే "నాకు బస్సు చాల్లే, నువ్వు అప్పు చేయకు" అంది. ఇప్పటికైతే వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు తెలిసినాయన టాక్సీ. ఈ ఆదివారం నూజివీడులో ఇంకో బ్రెజా చూడాలి. 2017ది, 6 లక్షల 20 వేలు అంటున్నారు. అన్నకు ఆ రోజు పనుందట. బండ్ల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా తోడొస్తే మధ్యాహ్నం భోజనం నాది.