బరువెంత, బలమెంత?

జగదల్‌పూర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణం. గాజు బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి 2020లో వచ్చిన ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్. సెకండ్‌హ్యాండ్‌దే అయినా కొత్తదానిలా ఉంది. బరువు 1.29 కిలోలు. లోపల ఫ్యాన్ కూడా లేదు. రెండోది గేములాడేవారి కోసం తయారైన నల్లటి యంత్రం. విడిగా గ్రాఫిక్స్ కార్డు, రెండు ఫ్యాన్లు, దాదాపు రెండున్నర కిలోల బరువు. దాని చార్జరే ఇటుకంత ఉంటుంది. ధర కాస్త ఎక్కువే కానీ వాయిదాల మీద ఇస్తామంటున్నారు. పెళ్లి వీడియోలు, హల్బీ పాటల ఆల్బమ్‌లు, అడపాదడపా స్వచ్ఛంద సంస్థల కోసం చిన్న డాక్యుమెంటరీలు తీసి బతికే ఇరవయ్యారేళ్ల కుర్రాడు ఈ దుకాణానికి రావడం ఇది మూడోసారి.

ఎవరిని అడిగినా బలమైనదే కొనమన్నారు. అది తప్పుడు సలహా కాదు. 4కె దృశ్యాలకు రంగులు దిద్దాలన్నా, చీకట్లో తీసినదాన్ని శుభ్రం చేయాలన్నా గ్రాఫిక్స్ కార్డు ఉంటే గంట పని నిమిషాల్లో అవుతుంది. ఫ్యాన్ లేని యంత్రం వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రేకుల కప్పు కింద అరగంట సినిమాను ఎగుమతి చేయడమంటే దానికి పరీక్షే. పైగా నల్ల యంత్రం మూత విప్పి మెమరీ పెంచుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు. ఎయిర్‌లో రెండూ బోర్డుకే అతికి ఉంటాయి. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. కొనేటప్పుడు చూపిన పిసినారితనాన్ని తర్వాత దిద్దుకునే వీలుండదు.

అయితే ఈ లెక్కలన్నీ గోడకు ప్లగ్గు ఉన్నచోట వేసినవి. విమానాల్లో మామూలుగా అనుమతించే హద్దు కారణంగా ల్యాప్‌టాప్ బ్యాటరీలు 100 వాట్ అవర్లు దాటవు. పూర్తి వేగంతో 100 వాట్లకు పైగా లాగే యంత్రం దాని మీద గంట కూడా నడవదు. అసలు ప్లగ్గు తీయగానే అలాంటి యంత్రాలు చాలావరకు తమ బలాన్ని తామే తగ్గించుకుంటాయి. అద్దె బొలేరోలో సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి వచ్చే కరెంటు మహా అయితే 120, 150 వాట్లు. 200 వాట్లకు మించిన చార్జర్‌కు అది ఏ మూలకూ చాలదు. ఎయిర్‌కు 30 వాట్ల చార్జర్ సరిపోతుంది. దాని 50 వాట్ అవర్ల బ్యాటరీని మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకసారి దాదాపుగా నింపగలదు. బైలాడిలా ఇనుప ఖనిజం లారీలు తిరిగే దారుల్లో ఎర్ర దుమ్ము లేని చోటుండదు. ఫ్యాన్ ఉన్న యంత్రం ఆ దుమ్మునే పీల్చుకుంటుంది.

కరెంటు, దుమ్ము సంగతి కుర్రాడికి ముందే తెలుసు. అయినా బలమైనదాని మీదే మనసు పోయింది. ఊళ్లకు కెమెరా తీసుకెళ్లి, దృశ్యాలు జగదల్‌పూర్ తెచ్చుకుని, గదిలో కూర్చుని కత్తిరిస్తే సరిపోదా? అందరూ చేసేది అదే కదా.

బస్తర్‌లో చాలాకాలంగా జరుగుతున్నదీ అదే. వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ గురించి రాసిన పెద్ద గ్రంథం 1947లో వెలువడింది. తర్వాత పదేళ్లకు స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ వంతు. లఘుచిత్రానికి అప్పటికే ఆస్కార్ అందుకున్న ఆయన నారాయణ్‌పూర్ సమీపంలోని గఢ్ బెంగాల్‌కు చెందిన చెంద్రూ అనే మురియా బాలుణ్ణి పులితో కలిపి తెరకెక్కించాడు. 1957లో వచ్చిన ఆ సినిమాకు సంగీతం రవిశంకర్‌ది. చెంద్రూను స్వీడన్ కూడా తీసుకెళ్లారు. తర్వాత ఆ అబ్బాయి ఊరికి తిరిగొచ్చి పేదగానే బతికి 2013లో కన్నుమూశాడు. సుక్స్‌డోర్ఫ్ తీసిన దృశ్యాల అందాన్ని ఎవరూ కాదనరు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే బల్ల దగ్గర మాత్రం ఆ ఊరివాళ్లకు చోటుండాలన్న ఆలోచనే ఆ కాలంలో అరుదు. అప్పటి పరికరాలతో అది సాధ్యమయ్యే పనీ కాదు. ఇప్పుడు సాధ్యం.

ఆ సంగతి కుర్రాడికి తెలిసొచ్చింది కోంటా వైపు ఒక దోర్లా ఊళ్లో. దోర్లీ గోండీ కుటుంబపు భాషే అయినా తెలుగు మాటలు దండిగా కలుస్తాయి. సరిహద్దు దాటితే ఆంధ్రే మరి. కుర్రాడికి హల్బీ వచ్చు, దోర్లీ అంతంతమాత్రం. పెళ్లిలో ఆడవాళ్ల పాట ఒకటి చిత్రీకరించి, గదికొచ్చి, డోలు ఆగినచోట పాటనూ ఆపేశాడు. వినడానికి చక్కగానే ఉంది. నెల తర్వాత తీసుకెళ్లి చూపిస్తే ఊరివాళ్లు ముందు నవ్వారు, తర్వాత మొహాలు ముడుచుకున్నారు. అది ప్రశ్న, జవాబు పాట. డోలు ఆగాక, రెండో వరుసలోని వాళ్లు డోలు లేకుండా జవాబు చెబుతారు. కుర్రాడు ఉంచింది ప్రశ్న మాత్రమే. పెళ్లికూతురి తరఫువారిని ఎగతాళి చేసి, వాళ్ల నోరు నొక్కేసినట్టయింది.

ఆ పూట వెంట వచ్చిన స్నేహితుడి దగ్గర తేలికపాటి ల్యాప్‌టాప్ ఉంది. అసలు దృశ్యాలు హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇప్పచెట్టు కింద మంచం వాల్చి మళ్లీ మొదలుపెట్టారు. 4కె దృశ్యాలను నేరుగా మోయలేక యంత్రం ఆగుతుంటే ప్రాక్సీలు చేసుకున్నారు. అంటే చిన్నపాటి నకళ్లు. కత్తిరింపంతా నకళ్ల మీద, చివర్లో అవే మార్పులు అసలు వాటికి వర్తిస్తాయి. పాట తెలిసిన ముసలమ్మ పక్కనే కూర్చుని, తెర మీద వేలు పెట్టి ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో చెప్పింది. తన కోడలు ఏడుస్తున్న ఒక ముక్క తీసేయమని కూడా అంది. కుర్రాడికి అన్నిటికన్నా నచ్చింది ఆ ముక్కే. తీసేశాడు. బ్యాటరీ నాలుగు గంటలకు పైగా నిలిచింది. రెండున్నర కిలోల యంత్రమైతే మొదటి గంటలోనే మూత మూయాల్సి వచ్చేది. జవాబు ఎప్పటికీ గదిలోనే మిగిలిపోయేది.

నిజానికి బస్తర్‌లో తేలిక పరికరానిదే గెలుపని 2010లోనే సీజీనెట్ స్వర చూపించింది. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన ఆ వేదికకు మామూలు ఫోన్ చాలు. మాట చెప్పాలన్నా, వినాలన్నా ఒక కాల్. తర్వాత ఆ మాటలూ పాటలూ బ్లూటూత్ ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. దానికి ‘బుల్టూ రేడియో’ అని పేరు పెట్టారు. గోండీకి ఉన్న రెండు లిపుల్లో మసారం 2017లో, మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. వాటిలో సబ్‌టైటిల్ రాయడానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఫాంటు ఉంటే చాలు.

బరువుకు ఇక్కడ ఇంకో అర్థమూ ఉంది. సంచి ఎంత పెద్దదైతే దారిలో అంత ఎక్కువమంది విప్పి చూస్తారు. ‘బస్తర్ జంక్షన్’ యూట్యూబ్ చానల్ నడిపిన ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న బీజాపూర్‌లో కనిపించకుండా పోయాడు. రోడ్డు పనుల్లో అక్రమాల గురించి వార్త ఇచ్చిన ఆ విలేకరి మృతదేహం రెండు రోజుల తర్వాత ఒక కాంట్రాక్టరు స్థలంలో, సెప్టిక్ ట్యాంకులో దొరికింది. పాటలు తీసేవాడికి అంత ముప్పు ఉండకపోవచ్చు. అయినా ఆ జనవరి తర్వాత కుర్రాడు ఏ ఊరి దృశ్యాలనైనా ఆ ఊరు దాటకముందే రెండు డిస్కుల్లోకి ఎక్కిస్తున్నాడు. ఒకటి తన సంచిలో, ఒకటి మరొకరి దగ్గర. అది చేయడానికీ వెంట ఒక ల్యాప్‌టాప్ కావాలి, అదీ చార్జింగ్ ఉన్నది.

మూడోసారీ దుకాణదారు నల్లదాన్నే ముందుకు తోశాడు. గేములు కూడా ఆడుకోవచ్చన్నాడు. కుర్రాడు ఎయిర్‌నే అడిగాడు. కాకపోతే 8 జీబీది వద్దన్నాడు. 16 జీబీది రాయపూర్ నుంచి వచ్చేదాకా మరో రెండు వారాలు ఆగాడు.

కష్టం లేదని కాదు. పెద్ద ఎగుమతులు ఇప్పటికీ రాత్రిళ్లే. ల్యాప్‌టాప్‌ను రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిప్పి పడుకుంటాడు. మొన్న అలాగే పెళ్లిపాట పూర్తి కూర్పును ఎగుమతికి పెట్టాడు. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఉక్కకు మెలకువ వచ్చింది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది, 71 శాతం దగ్గర.