ఏమీ జరగలేదు

ఫౌజులో మన గురించి మనం రాసుకోం. పోస్టింగ్ వస్తే పెట్టె సర్దుకుని వెళ్తాం, మన గురించి పైవాళ్లు రాస్తారు. డిశ్చార్జి పుస్తకంలో ‘క్యారెక్టర్’ అని ఒక గడి ఉంటుంది. నాకు అందులో ‘ఎగ్జెంప్లరీ’ అని రాసి పంపారు. 17 ఏళ్లు లారీ నడిపి బయటికొచ్చాక, ఏ ఉద్యోగం ఫారంలోనూ ఆ గడి కనపడలేదు.

ఉన్న గడులేమో నాకు సరిపోవు. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాణ్ణి గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీ చదివినవాడితో సమానంగా చూస్తుంది ప్రభుత్వం. ప్రైవేటు కంపెనీ ఫారం మాత్రం ఏ కాలేజీ అని అడుగుతుంది. హవల్దార్ అని రాస్తే, ‘పోలీసా సార్?’ అన్నారొకరు ఫోన్లో. ఆర్మీ అనగానే గొంతులోకి గౌరవం వచ్చేస్తుంది, ఆ వెంటే సెక్యూరిటీ గార్డు ఖాళీ ఉందన్న కబురూ వస్తుంది. అది తక్కువ పనేం కాదు. నాతో పాటు దిగినవాళ్లు చాలామంది చేస్తున్నారు. కానీ నాకు వచ్చిన పని వేరు. వయసు 37, పిల్లలింకా బళ్లో ఉన్నారు, పెన్షనొక్కటే చాలదు. రవాణా సూపర్‌వైజర్ ఉద్యోగం కావాలి నాకు.

గచ్చిబౌలిలో పనిచేసే మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెరిచి, ‘నువ్వు చెప్పు మావయ్యా, నేను రాస్తా’ అంది. చెప్పాను. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో జోజి లా అనే కనుమ, 11,500 అడుగుల పైన. మంచు పడి దారి మూసుకుపోయేలోపు, పైనున్నవాళ్లకి చలికాలమంతా సరిపడా బియ్యం, పప్పు, కిరోసిన్ చేర్చాలి. చేర్చాం.

‘చేర్చాం కాదు, చేర్చాను అను. నువ్వేం చేశావో కావాలి వాళ్లకి.’

ఒక్క అక్షరం తేడా. నోరు తిరగలేదు. ముందు బండి జాడలో నా బండి, నా జాడలో వెనకవాడిది. ఏ చక్రానికి గొలుసు నేను బిగించానో, ఏది పక్కవాడు బిగించాడో ఎలా విడదీసి చెప్పను?

తర్వాత ‘అచీవ్‌మెంట్స్’ దగ్గరికొచ్చాం. ‘అక్కడ పెద్దగా జరిగిందేంటి మావయ్యా?’ అంది.

‘ఏమీ జరగలేదు’ అన్నాను.

నవ్వింది. నేను నవ్వలేదు. ఏమీ జరగకుండా ఉండటానికే తెల్లారకముందు లేచి, చేతివేళ్లు కొంకర్లు పోతుంటే బ్రేకులు, టైర్లు ఒక్కొక్కటీ చూసుకునేవాళ్లం. నా బాధ్యతలో వెళ్లిన కాన్వాయ్‌ల్లో ఒక్క బండీ లోయలోకి పోలేదు. పైకెక్కిన ప్రతి డ్రైవరూ కిందికి దిగాడు. పతకాలిచ్చే పని కాదది. ఇంటికి ఉత్తరం రాసినా అందులో రాయడానికేం ఉండదు.

తను కాసేపు కీబోర్డు మీద చెయ్యి పెట్టకుండా కూర్చుంది. చివరికి అచీవ్‌మెంట్స్ కింద ఒక్క వాక్యమే రాయించాను: బాధ్యత వహించిన కాన్వాయ్‌లలో ప్రమాదాలు: 0.

‘సున్నా పెడితే ఏదో ఖాళీగా వదిలేసినట్టు ఉంటుంది మావయ్యా’ అంది.

ఉండనీ అన్నాను. లారీల పని తెలిసినవాడెవడైనా చదివితే, అక్కడే ఆగుతాడు.