ఇంటర్వెల్‌కి ముందు అమ్మాయిలు

రొమాంటిక్ కామెడీల్లో ఒక కథ మనందరికీ కంఠతా వచ్చు. హీరో అమ్మాయిల వెంట తిరిగే రకం. ఫస్టాఫ్ అంతా ఒకరి తర్వాత ఒకరు. పక్కనున్న ఫ్రెండ్స్ "మావోడు మామూలోడు కాదు" అని మురిసిపోతుంటారు. ఇంటర్వెల్‌కి కాస్త అటూ ఇటూగా హీరోయిన్ దిగుతుంది. అతని మాటలకి ఈమె పడదు. అంతే, మనోడికి నిద్ర పట్టదు, గడ్డం పెరుగుతుంది, ఫోన్‌లో పాత నంబర్లన్నీ డిలీట్ అయిపోతాయి. క్లైమాక్స్‌లో ఎయిర్‌పోర్టుకి పరుగు. ఇదీ అసలైన ప్రేమంటే అని మనం కళ్లు తుడుచుకుంటాం.

నేనూ తుడుచుకున్నదాన్నే. ఈ సినిమాలంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కాకపోతే ఈమధ్య నా కళ్లు హీరోయిన్ మీద ఉండట్లేదు. ఫస్టాఫ్‌లో ఒక పాటలో మెరిసి మాయమైపోయిన అమ్మాయిల్ని వెతుకుతున్నాయి. వాళ్లేమయ్యారు? ఎందుకంటే, ఒకబ్బాయి కథలో నేను ఇంటర్వెల్‌కి ముందు వచ్చిన అమ్మాయిని.

ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు సినిమాల గురించి.

ఈ ఫార్ములా ఓటీటీ కాలంలో పుట్టింది కాదు. 1971లో వచ్చిన 'ప్రేమ నగర్' మా అమ్మమ్మకి ప్రాణం. కోడూరి కౌసల్యాదేవి నవలని కె.ఎస్. ప్రకాశరావు తెరకెక్కించారు. జమీందారీ బిడ్డ కల్యాణ్‌గా అక్కినేని. మందు, అమ్మాయిలు, అదే అతని లోకం. సెక్రటరీగా వచ్చిన లత, అంటే వాణిశ్రీ, అతణ్ని మనిషిని చేస్తుంది. జనానికి ఎంత నచ్చిందంటే మరుసటేడు తమిళంలో శివాజీ గణేశన్‌తో, 1974లో హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ తీశారు. ఇది ఏడిపించే సినిమానే, కామెడీ కాదు. కానీ చెడిపోయిన మగాణ్ని బాగుచేసే డ్యూటీ మంచి అమ్మాయిదే అన్న లెక్క ఇందులోనూ ఉంది. ఇంకో విషయం. ఇంట్లోవాళ్లు లత మీద నింద వేస్తే, అంతగా మారిన ఆ మనిషే ఆమెని అనుమానిస్తాడు. అది మనకి గుర్తుండదు. ఆమె కోసం కట్టిన మేడే గుర్తుంటుంది.

48 ఏళ్ల తర్వాత అదే అక్కినేని గారబ్బాయి నాగార్జున 'మన్మథుడు 2'లో పోర్చుగల్‌లో ఉంటాడు. పెళ్లి వద్దు, సరదాలు చాలు అనుకునే మనిషి. ఇంట్లోవాళ్ల పోరు పడలేక రకుల్‌కి డబ్బిచ్చి ఉత్తుత్తి పెళ్లికూతురిగా తెచ్చుకుంటాడు. తర్వాత ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అది 2006 నాటి ఒక ఫ్రెంచ్ సినిమాకి మన రూపం. అంటే ఈ పిచ్చి మనకొక్కళ్లకే కాదు, అందరికీ ఉంది.

హాలీవుడ్ 'క్రేజీ, స్టుపిడ్, లవ్' (2011) చూశారా? ర్యాన్ గోస్లింగ్ రోజుకో అమ్మాయిని బార్ నుంచి ఇంటికి తీసుకెళ్లే జేకబ్. భార్య వదిలేసిన కాల్ అనే పెద్దమనిషికి ఆ విద్యలన్నీ నేర్పిస్తాడు. ఆ తర్వాత జేకబ్ ఎమ్మా స్టోన్‌తో నిజంగా ప్రేమలో పడతాడు. తీరా చూస్తే ఆమె కాల్ కూతురు! కాల్ ససేమిరా ఒప్పుకోడు. జేకబ్ దగ్గర పాఠాలు నేర్చుకుని లాభపడ్డవాడే, తన కూతురి దాకా వచ్చేసరికి "వీడు మారాడని నమ్మకం ఏంటి?" అన్నట్టు నిలబడతాడు. నవ్వొస్తుంది గానీ, ఆ సినిమాలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. మరి కాల్ ఒక రాత్రి గడిపి వదిలేసిన టీచరమ్మ? ఆమె కోపం మనకి ఒక కామెడీ సీన్. అంతటితో సరి.

పాత అమ్మాయిల దగ్గరికి వెనక్కి వెళ్లిన సినిమా నాకు తెలిసి 'బచ్‌నా ఏ హసీనో' (2008). రణ్‌బీర్ కపూర్ హీరో. ఒకమ్మాయి మనసు విరిచేస్తాడు, ఇంకొకామెని పెళ్లిరోజే వదిలేసి పోతాడు. సిడ్నీలో టాక్సీ నడిపే దీపికకి ప్రపోజ్ చేస్తే ఆమె కాదంటుంది. అప్పుడు తెలుస్తుంది నొప్పంటే ఏంటో. పాతవాళ్లిద్దరికీ క్షమాపణ చెప్పడానికి బయల్దేరతాడు. మొదటామెకి పెళ్లయినా ప్రేమ అన్న మాట మీదే నమ్మకం పోయి ఉంటుంది. రెండో ఆమె పెద్ద మోడల్ అయి, ఇతణ్ని పనివాడిలా తిప్పుకుంటుంది. నాకు చాలా నచ్చిన భాగం అది. కానీ చివరికి వాళ్ల క్షమాపణ కూడా అతనికి దీపికని తెచ్చిపెట్టే పాస్ మార్కుల్లా మిగిలిపోతుంది.

ఇప్పుడు నా సంగతి. పెద్ద కథేం లేదు. ఆఫీసులో పరిచయం, ఎనిమిది నెలలు. తర్వాత నా మెసేజ్‌లకి బ్లూ టిక్ పడేది, రిప్లై వచ్చేది కాదు. కొన్నాళ్లకి వేరే అమ్మాయితో స్టేటస్‌లో కనిపించాడు. క్యాబ్‌లో కిటికీ వైపు తిరిగి ఏడ్చుకుంటూ ఆఫీసుకెళ్లిన రోజులున్నాయి. తేరుకున్నాను. రెండేళ్ల తర్వాత అతనికి ఎంగేజ్‌మెంట్ అయిందని తెలిసింది. కామన్ ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట, "వాడు పూర్తిగా మారిపోయాడు తెలుసా!"

ఆ వారంలోనే ఇన్‌స్టాలో ఒక మెసేజ్. చేసుకోబోయే అమ్మాయి. "అక్కా, ఏమీ అనుకోకపోతే ఒకటి అడగనా? నిజంగానే మారాడంటారా?"

మారలేదంటే కుళ్లుతో అన్నట్టుంటుంది. మారాడని చెప్పడానికి నాకేం తెలుసు? టైప్ చేయడం, తుడిచేయడం. చివరికి ఇలా పంపాను: "ఇప్పుడున్న మనిషి నాకు తెలీదమ్మా. నా గురించి నీకేం చెప్పాడు?"

చాలాసేపు టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. "మీరే వెంటపడ్డారని... కొంచెం సైకో అని. సారీ అక్కా."

"సారీ నువ్వెందుకు చెప్పడం? రేపు మీ ఇద్దరికీ గొడవొస్తే నీ గురించి కూడా ఇలాగే చెప్తాడా అన్నది ఆలోచించుకో" అన్నాను. ఒక హార్ట్ పెట్టింది. అంతే. పెళ్లయింది. ఫొటోలు చూశాను. కోపం లేదంటే అబద్ధం. ఆ అమ్మాయి సుఖంగా ఉండాలనుకోవడం మాత్రం నిజం.

నాకప్పుడు 'కన్యాశుల్కం' గుర్తొచ్చింది. ఈరోజు మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. గిరీశానికి ఉన్నన్ని మాటలు ఏ రోమ్‌కామ్ హీరోకీ లేవు. మధురవాణితో తిరుగుతాడు, సంఘసంస్కర్త వేషంలో బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. ఇవాళ్టి సినిమా అయితే "బుచ్చమ్మతో మారాడు" అని అక్షింతలు వేసేవాళ్లం. గురజాడ వెయ్యనివ్వలేదు. ముందు వచ్చిన అమ్మాయి, అంటే మధురవాణి, నోరు విప్పింది. సౌజన్యారావు పంతులు విన్నాడు. గిరీశాన్ని పోయి చదువుకోమన్నాడు, బుచ్చమ్మని పూనాలోని విడోస్ హోంకి పంపే ఏర్పాటు చేశాడు. పాత అమ్మాయి మాట ఒక్కటి వినేసరికి ముగింపే మారిపోయింది.

మనుషులు మారరని నేననను. మారతారు. కానీ కొత్త అమ్మాయి కోసం ఏం వదులుకున్నాడన్నది నాకు కొలత కాదు. ప్రేమలో కొత్తల్లో ఎవరైనా వదులుకుంటారు. పాత అమ్మాయి గురించి ఎలా మాట్లాడతాడన్నది చూడాలి. "తను మంచిదే, నేనే సరిగ్గా ఉండలేదు" అని, ఎవరూ అడక్కుండా, లాభం ఏమీ లేకుండా అనగలిగితే వాడు మారినట్టే. అందుకు ఎయిర్‌పోర్టు అక్కర్లేదు, వర్షం అక్కర్లేదు. టీ తాగుతూ చెప్పొచ్చు.

ఆ ఒక్క సీన్ ఉన్న రోమ్‌కామ్ ఎవరైనా తీస్తే, మొదటిరోజు మొదటి ఆటకి నేనే వెళ్తాను.