గుడ్లగూబకు క్రొత్త పేరు

గుడ్లగూబ యింటిపై వ్రాలినచో నా యింటికి కీడు మూడునని నమ్మువారు మన గ్రామములలో నేటికిని గలరు. పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసినవి. 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాలయము ఇరుగుపొరుగుననే యున్నది. అయినను ఈ భయము కదలలేదు. రాత్రి కూత విని పెద్దలు తలుపులు మూయుదురు. తెల్లవారగనే పిల్లలు రాళ్లేరుకొందురు.

ఇంద్రేశములో చిన్నబిడ్డలకు చదువు చెప్పు మేము ఈ పక్షిపాఠమును స్పానిషు మాటలతో మొదలుపెట్టుచున్నాము. మా తరగతిలో తెలుగుబిడ్డలతోపాటు, పనికై వలసవచ్చిన ఒడియా, హిందీ కుటుంబముల బిడ్డలును గలరు. స్పానిషు అందఱికిని సమానముగా క్రొత్తది. గుడ్లగూబ యనగానే వారికి ఇంటిలో విన్న శకునము జ్ఞప్తికి వచ్చును. "బూఒ" యన్నచో నేమియు రాదు. భయముకంటె ముందు చూపు పక్షిని చేరును.

పిల్లలు కాగితముతో పక్షిముఖము కత్తిరించి కన్నులకు రంగు వేయుదురు. ఆ భాషలో కన్నును "ఓహొ" యందురు. ఇక నవ్వు ఆగునా? రాత్రి "నోచె". మన నక్తమునకును, అక్షికిని ఈ మాటలు దూరపు చుట్టములే. తలపై కొమ్ములవలె ఈకలు నిక్కినది బూఒ. తెల్లని గుండ్రని మోము గలది "లెచూసా". మా చెట్ల తొఱ్ఱలలోని చిన్న పైడికంటె వంటిది "మొచువెలొ". అంతవఱకు మూటిని ఒకటిగా నెంచిన బిడ్డలు భేదములు వెదకసాగుదురు.

పిమ్మట ఆట. కనుగ్రుడ్లు కదపక తల మాత్రమే త్రిప్పి ప్రక్కవానిని చూడవలెను. గుడ్లగూబ కన్నులు గుంటలలో తిరుగవు. మనకు 7 మెడయెముకలుండగా దానికి 14 గలవు. అందుచే తలను 270 డిగ్రీలవఱకు త్రిప్పగలదు. సంస్కృతమున దీనిని దివాంధమనిరి గాని ఇది పగలు గ్రుడ్డిది కాదు. ఎలుకలను తిని పంటను కాచునది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము దీనిని చంపుట నేరమనుచున్నది.

"తెలుగు అక్షరములు తిన్నగా రాని బిడ్డలకు స్పానిషెందుకు?" అని ఒక తండ్రి మమ్మడిగెను. ఉచితమైన ప్రశ్నయే. స్పానిషు మాటలాడు మెక్సికోలోను గుడ్లగూబ కూతను మృత్యుసూచకముగా తలచు పల్లెజనులు గలరు. లెచూసాను మంత్రగత్తె యని భయపడుదురు. కావున ఆ భాషలో ప్రత్యేకమైన వివేకమేదియు లేదు. మాకు పనికివచ్చినది దాని క్రొత్తదనము మాత్రమే. ఆ పని తీరగనే పాఠము ఇంటిభాషకు మరలవలెను. కాగితపు పక్షిని ఇంటికి గొనిపోయి, తెలిసినదంతయు పెద్దలకు తమ మాటలలో చెప్పి రమ్మందుము.

ఒక బాలిక తన యవ్వతో, "అది ఎలుకల కోసం వస్తది అవ్వా, మన కోసం కాదు" అన్నదట. అవ్వ ఒప్పుకొనలేదు, కాని ఆ రాత్రి తలుపు మూయలేదట.

చదువరులారా, మీ పెరటిలో కూత వినబడినపుడు బిడ్డను లోనికి లాగకుడు. చేయిపట్టి బయటికి తీసికొనిపోయి, అది ఏ కొమ్మపై నున్నదో చూపుడు.