బరువు పంచుకున్న బాట

అమెరికా తూర్పు కొండల్లో జార్జియా నుండి మెయిన్ వరకు 14 రాష్ట్రాల గుండా సాగే అప్పలాచియన్ కాలిబాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. అంతా నడవడానికి అయిదారు నెలలు పడుతుంది. మేము నలుగురం దక్షిణపు కొస అయిన స్ప్రింగర్ కొండ నుండి నీల్ గ్యాప్ వరకు, సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే నడిచాము.

చెట్లపై తెల్లరంగు గుర్తులే మాకు దారి చూపాయి. ఉదయమే గంజి కాచుకుని బయలుదేరేవాళ్ళం. వాగు నీళ్ళు వడపోసి త్రాగేవాళ్ళం. రాత్రికి మూడువైపులే గోడలున్న కొయ్య పాకలో తోటి బాటసారులతో పడుకునేవాళ్ళం. తిండి సంచులను ఎలుగుబంట్లకు అందకుండా ఎత్తున వేలాడదీసేవాళ్ళం.

మూడవ దినాన మా పెద్దన్నయ్య మడమల బొబ్బలు చిట్లాయి. "నా వల్ల కాదు, మీరు వెళ్ళండి" అంటూ కూలబడ్డారు. మాకు ఏమి చేయాలో తోచలేదు. అంతలో, ముందు రాత్రి పాకలో పరిచయమైన ఒక ముసలాయన వచ్చి, మడమలకు కట్టు కట్టాడు. అన్నయ్య సంచిలోని బియ్యం, గిన్నెలు తన సంచిలో వేసుకున్నాడు. మాకు సిగ్గు వేసింది. మిగిలిన సామాను మేము పంచుకున్నాము.

మరునాడు అన్నయ్యను ముందుంచి, ఆయన అడుగుకు అడుగు వేస్తూ 1,359 మీటర్ల బ్లడ్ మౌంటెన్ ఎక్కి దిగాము. నీల్ గ్యాప్‌లో ముసలాయన మా గిన్నెలు మాకిచ్చి ముందుకు సాగిపోయాడు. ఆయన అసలు పేరు మాకు తెలియదు. ఆ బాటపై చాలామంది మారుపేర్లతోనే పిలుచుకుంటారు.

మన వీధిలో వెనుకబడినవారి కోసం మనమూ కొంచెం ఆగుదామా?